ఆరువందల మంది పరుగు

మా దేశంలో ఉన్నది ఒకటే ట్రాఫిక్ లైటు. అదీ రేవు దగ్గర, ఐసు ఫ్యాక్టరీ మలుపులో. ఎర్రదీపం వెలిగితే ఎవరూ ఆగరు, మన లైటే కదా అన్న ధీమా. ప్రపంచ పటంలో మా దీవి పేరు సాంతోలివ్. మేం మాత్రం లంక అంటాం. నాలుగు తరాల కిందట భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి, కొబ్బరితోటల్లో పనికి వచ్చినవాళ్ళ మనవలం, మునిమనవలం. అందర్నీ కలిపి లెక్కపెడితే ఎనిమిదివేల నాలుగువందల మందిమి.

ఇంత దేశానికి ప్రపంచ క్రీడల మీద మోజేమిటని అడగొచ్చు. నలభై ఏళ్ళుగా ప్రతిసారీ వెళ్తున్నాం. ఏడుగురో ఎనిమిదిమందో మనుషులు, ఒక జెండా, రెండు జాడీల ఎండుచేపల పచ్చడి. ప్రారంభోత్సవంలో మా జట్టు నడిచే సమయానికి టీవీవాళ్ళు ప్రకటనలు వేసుకుంటారు. పతకం మాట దేవుడెరుగు, ఫైనల్ దాకా వెళ్ళినవాళ్ళే ఇద్దరు. ఆ ఇద్దరి పేర్లూ రెండు వీధులకి పెట్టుకున్నాం.

అందుకే పట్టీ కనిపెట్టాను. దేశసేవ అని అందరికీ చెప్పాను. నిజానికి మూడో వీధి నా పేరు మీద ఉండాలని కోరిక. ఇప్పుడు దాచుకుని ఏం లాభం?

నా పేరు పోలేశ్వరి. వైద్యం చదివి, రోగులతో మాట్లాడే ఓపిక లేక పరిశోధనలోకి వచ్చాను. మా ప్రయోగశాల ఒకప్పుడు చేపలు నిలవచేసే చల్లటి గది. ఎన్ని సీసాల ఫినాయిలు పోసినా కానాగడతల వాసన వదల్లేదు. ఆ గదిలో మొదటి ప్రయోగం నా ఇంటివాళ్ళ మీదే చేశాను. మా అక్క కూతురు నూకరత్నం నడకయంత్రం మీద పరిగెడుతోంది. వాళ్ళమ్మ, అంటే మా అప్ప దాలమ్మ, పక్కన కుర్చీలో కూర్చుంది. ఇద్దరి మెడల వెనకా రూపాయి బిళ్ళంత పట్టీలు అంటించాను.

నలభై నిమిషాలు గడిచాక రత్నం విసుక్కుంది. "పిన్నీ, ఇంకా మొదలెట్టనేదేటి నీ మిషను? నాకేటీ తెల్డం నేదు."

కుర్చీలోంచి మా అప్ప మూలిగింది. "ఓలమ్మో, నాకు తెలుస్తన్నాదే తల్లీ! నా పిక్కలు పట్టీసినాయి. ఆగవే గుంటా, సచ్చిపోతాను."

అదే నా పట్టీ. పరిగెత్తే మనిషి కాళ్ళు నిజంగా చచ్చుబడకముందే మెదడు "ఇక చాలు" అని కేక పెడుతుంది. ఒంట్లో ఇంకా ఐదోవంతు సత్తువ ఉండగానే పెడుతుంది, గడుసు ఇల్లాలు డబ్బా అడుగున నాలుగు గిద్దల బియ్యం ఎవరికీ చెప్పకుండా దాచినట్టు. పట్టీ ఆ కేకని మెడ దగ్గరే పట్టుకుని, ముక్కలు చేసి, పట్టీ కట్టుకున్నవాళ్ళందరికీ, ఎంత దూరాన ఉన్నా, సమానంగా పంచుతుంది. ఇద్దరుంటే సగం సగం. వందమంది ఉంటే పరిగెత్తేవాళ్ళకి మిగిలేది నూరోవంతు. డబ్బా అడుగున దాచిన బియ్యం కూడా వండుకోవచ్చన్నమాట.

ఆ రోజే ఇంకొకటి గమనించాను. పరుగు ఆపాక రత్నం మోకాలు రుద్దుకుంటూ, "సిత్రంగా ఉన్నాది పిన్నీ, అమ్మ మోకాలు నొప్పి నాకొచ్చినాదేటి?" అంది. మా అప్ప మాత్రం పదేళ్ళుగా సలుపుతున్న తన మోకాలు సగం తగ్గిందని సంబరపడింది. పట్టీకి ఎవరి కేక ఎవరిదో తెలియదు, అన్నిటినీ ఒక్కచోట పోసి పంచేస్తుంది. చిన్న లోపం, తరవాత చూద్దాం అని నోట్‌బుక్కులో రాసుకున్నాను. ప్రయోగం తరవాత మా అప్పని పరీక్ష చేస్తే గుండె కవాటం ఒకటి బలహీనంగా ఉంది. ఇక పట్టీ జోలికి రావద్దని ఆమెతో ఒట్టు వేయించుకున్నాను.

మందు కాదు, మోటారు కాదు కాబట్టి ఆ ఏడాది క్రీడల సంఘం పట్టీలకు అనుమతి ఇచ్చింది. ఒకటే షరతు పెట్టింది. ఆపే మీట పరిగెత్తేవాళ్ళ మెడ మీదే ఉండాలి, బయటివాళ్ళు ముట్టుకోకూడదు. పెద్ద దేశాలు కూడా పట్టీలు చేసుకుని, అలసట మోసేందుకు ఇరవయ్యేసి మంది దిట్టమైన మోతగాళ్ళని ఏరుకుని, ఆసుపత్రి గదుల్లో పడుకోబెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క నర్సుని పెట్టాయి. మాకు అంత హంగు ఎక్కడిది? మాకున్నది జనం.

లంకలో పెద్దవల లాగడం మీరు చూడాలి. పడవ వలని సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి వస్తుంది. తాడు రెండు కొసలూ ఒడ్డున ఉంటాయి. దారిన పోయేవాళ్ళెవరైనా వచ్చి తాడు మీద చెయ్యి వేయొచ్చు. వేసిన ప్రతి చేతికీ చేప ముడుతుంది. ముసలివాళ్ళా, కుంటివాళ్ళా, నిన్న మనతో తగువాడినవాళ్ళా అని చూడరు. తాడుకి ముందున్న మనిషిని మొదటిచెయ్యి అంటారు. లాగుతూ ఎవరైనా పడిపోతే మొదటిచెయ్యి "ఒగ్గేయండ్రో!" అని కేక వేస్తుంది. వలనిండా కవళ్ళ చేపలున్నా సరే, అందరూ ఒక్కసారే తాడు వదిలేయాలి. తలో క్షణంలో వదిలితే చివర మిగిలినవాడి చేతులు ఊడిపోతాయి. పట్టీ కూడా అంతే. మోసేవాళ్ళు ఒక్కొక్కరే తీసేస్తే బరువంతా మిగిలినవాళ్ళ మీద పడుతుంది. ముందున్న మనిషే ఆపాలి.

ఆరువందల పట్టీలు తయారయ్యాక బడి ఆవరణలో సభ పెట్టాం. మోసేవాళ్ళందరి పేర్లూ రాసుకుని, గుండె పరీక్ష చేసి, ఒక్కొక్క పట్టీకి ఒక్కొక్క అంకె వేస్తానన్నాను. పెద్దవలకి పెద్ద అయిన అప్పలకొండ మాస్టారు లేచి నిలబడ్డారు. నాకు ఎక్కాలు నేర్పిన మనిషి.

"పోలమ్మా, తాడట్టుకున్నోడి పేరు ఎవులైనా అడుగుతారా? నువ్వు పనికొస్తావు, నువ్వు పనికిరావు అని ఏరితే అది తాడు కాదమ్మా, ఉద్యోగం. మన గుంట పరిగెడతన్నాది. సెయ్యేసినోడల్లా ఎయ్యాల."

జనం ఈలలు వేశారు. నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టితే పరీక్షలో మిగిలేది మూడువందల మందే. ఆరువందలైతే రత్నం మెడ మీద బరువే ఉండదు. ఆ లెక్క నా మనసులో చకచకా జరిగిపోయింది. "సరే మాస్టారూ, మీ ఇష్టం" అన్నాను, ఆయన మాట కాదనలేని వినయవంతురాలిలా.

పంపిణీ రోజు ముందు వరసలో నిలబడింది అంతా ముసలివాళ్ళే. పట్టీ కట్టుకుంటే కీళ్ళనొప్పులు మాయమవుతాయని మా అప్ప ఊరంతా చాటింది మరి. ఐసు ఫ్యాక్టరీ చొక్కా వేసుకున్న ఒక బక్కమనిషి, అరవైకి దగ్గరగా ఉంటాడు, నా ముందు మెడ వంచి, "నాకు పరుగు రాదమ్మా, అలిసిపోడం మాత్రం బాగా వొచ్చు. అదే గదా మీక్కావాల్సింది?" అన్నాడు. నవ్వి పట్టీ అంటించాను. పేరు అడగలేదు. అడగకూడదని ఒప్పుకున్నాను కదా.

మారథాన్ రోజున ఆ పెద్ద నగరంలో పొద్దుటి చలి, లంకలో మధ్యాహ్నపు ఎండ. ఆరువందల మందీ రేవు ఒడ్డున తాటాకు పందిళ్ళ కింద కూర్చుని పెద్ద తెర మీద పరుగు చూస్తున్నారు. ఒడ్డున మాకున్నది ఒక నర్సు, ఒక మంచం. దారి అయిదు కిలోమీటర్ల చుట్టు. చుట్టుకోసారి రత్నం నా నీళ్ళ బల్ల ముందు నుంచి పోతుంది. అక్కడ నేను సీసా అందించవచ్చు, నాలుగు అడుగులు పక్కన పరిగెత్తి ఓ మాట చెప్పవచ్చు.

నా చేతిలో పలక లాంటి తెర. దాని మీద రెండు గీతలు. పచ్చగీత అలసటది. ఎర్రగీత గుండె, ఊపిరి లాంటి ప్రాణం మీదకొచ్చే కేకలది. పేర్లు లేవు, అంకెలు లేవు, ఆరువందల మంది మొత్తం కలిపి ఒకే గీత. పచ్చగీత పొద్దుటి నుంచీ పైనే ఉంది, అది మామూలే. ఎర్రగీత మాత్రం పడుకున్న పాములా కదలకుండా ఉంది.

ఇరవై కిలోమీటర్ల దగ్గర రత్నం పదకొండో మనిషి. ఇరవై అయిదు దగ్గర అయిదో మనిషి. ఇరవై ఎనిమిది దాటాక మూడు. వ్యాఖ్యాతలు కాగితాలు తిరగేసుకుంటూ మా దేశం ఎక్కడుందో వెతుక్కుంటున్నారు. నా ఒళ్ళు పులకరించింది. నలభై ఏళ్ళ పచ్చడి జాడీలకి ఇన్నాళ్ళకి ఫలం అనుకున్నాను.

అప్పుడు ఎర్రగీత తల ఎత్తింది.

ముందు రత్నం ఎదకి కట్టిన యంత్రం పంపే అంకెలు చూశాను. ఆ పిల్ల గుండె గడియారంలా కొట్టుకుంటోంది. అంటే కేక లంక నుంచి వస్తోంది. మా అప్ప! ఒట్టు గట్టు మీద పెట్టి పట్టీ కట్టేసుకుంది అనుకున్నాను. మాస్టారికి ఫోన్ చేశాను.

"మా అప్ప ఎక్కడుంది మాస్టారూ? ఏం చేస్తోంది?"

"నా ఎదరే ఉన్నాది. ఏటి సేస్తాది, ఉడకేసిన పల్లీలు నముల్తన్నాది. పట్టీ కట్టుకోనేదు, నువ్వొద్దన్నావని మూతి ముడుసుకుని కూకున్నాది."

"మిగతావాళ్ళు? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? ఒక్కసారి అందర్నీ అడగండి."

ఆయన మైకులో అడగడం వినిపించింది. జనం నవ్వులు వినిపించాయి. మళ్ళీ ఫోన్లోకి వచ్చి, "అందరూ రాయిలాగున్నారమ్మా. ఎడం రొమ్ము కాడ సీమ కుట్టినట్టున్నాదని మాత్రం అంటన్నారు. నాకూ కుట్టినాది. ఇసకలో సీమలు లేసినాయి గావాల" అన్నారు.

ఆరువందల మందికీ ఒకే క్షణంలో, ఒకే చోట చీమ కుట్టదు. నేను డాక్టర్ని. ఎవరిదో గుండె నెత్తురందక గావుకేకలు పెడుతోంది. ఆ కేక ఆరువందల ముక్కలై చీమకాటు అయింది. ఆ మనిషికి కూడా తెలిసేది ఆ చీమకాటే. లేచి నర్సు దగ్గరకి వెళ్ళాల్సిన మనిషి తెర చూస్తూ చప్పట్లు కొడుతున్నాడు. ఎవరని వెతకను? పేరు లేదు, అంకె లేదు. కేక ఎవరిది వాళ్ళకి తిరిగి చేరాలంటే దారి ఒకటే, రత్నం మీట నొక్కాలి. నొక్కితే ముప్పై కిలోమీటర్ల అలసట ఒక్కసారిగా ఆ పిల్ల మీద పడుతుంది. పతకం పోతుంది.

ఇదంతా నాకు అర్థం కావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అంతలో రత్నం మలుపు తిరిగి నా బల్ల వైపు వచ్చింది. సీసా అందుకుంటూ, "ఎలగున్నాది పిన్నీ?" అంది.

"బాగుంది. పో" అన్నాను.

మా అప్ప కాదని తెలిసింది కదా. ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడ్డ ప్రాణంతోనే ఆ మాట అన్నాను.

అయిదు కిలోమీటర్లకి రత్నానికి పట్టేది పదిహేడు నిమిషాలు. ఆ పదిహేడు నిమిషాలూ నేను బల్ల వెనక మడతకుర్చీలో కూర్చున్నాను. తెర పాడైందేమో అనుకున్నాను. ఎవరిదో పాత గుండెనొప్పేమో, వచ్చి పోతుందేమో అనుకున్నాను. అంతమందిలో ఎవరో ఒకరికి ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది కదా అని కూడా అనుకున్నాను. ఎర్రగీత నా సాకులేవీ వినలేదు, పైకి పోతూనే ఉంది. పదిహేడో నిమిషంలో అది నిటారుగా లేచింది. అప్పటికి గానీ నేను కుర్చీలోంచి లేవలేదు. సిగ్గుతో చెబుతున్నాను, అప్పుడు కూడా నన్ను లేపింది జాలి కాదు, భయం.

ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర రత్నం రెండో మనిషి భుజానికి భుజం ఆనించి వస్తోంది. బల్ల దాటి పక్కన పరిగెత్తాను.

"రత్నం! లంకలో ఎవరిదో గుండె ఆగిపోయేలా ఉంది. వాళ్ళకే తెలియడం లేదు."

"ఎవులిది?"

"తెలీదు."

వాళ్ళమ్మేమోనని ఆ పిల్ల అడగలేదు. నేను ఫోన్ చేసి మరీ అడిగిన ప్రశ్న దాని నోట రాలేదు. తెలీదు అన్న మాట నా నోట్లో ఉండగానే చెయ్యి మెడ వెనక్కి పోయింది. మేమిద్దరం తప్ప ఒక్క తెలుగు మనిషి లేని ఆ వీధిలో, ఒడ్డున తాడు పట్టుకున్నట్టే గొంతు చించుకుని అరిచింది. "ఒగ్గేయండ్రో!"

మీట నొక్కింది. మరుక్షణం మోకాళ్ళ మీద కూలిపోయింది. ముప్పై అయిదు కిలోమీటర్ల అలసట ఒక ఆడపిల్ల మొహంలోకి ఒక్కసారి ఎలా వస్తుందో నేను చూశాను, మళ్ళీ చూడాలని లేదు. పక్కనున్న అమ్మాయి వెళ్ళిపోయింది. వెనకవాళ్ళు వెళ్ళిపోయారు. చాలాసేపటికి లేచి, నడిచి, కుంటి, ఇరవై ఆరో మనిషిగా గీత దాటింది.

ఒడ్డున ఏం జరిగిందో మాస్టారు తరవాత చెప్పారు. ఆరువందల మందికీ ఒళ్ళు దూదిలా తేలికైపోయిందట. రత్నం గెలిచేసిందనుకుని లేచి గంతులు వేశారట. ఆ గంతుల మధ్యలోంచి ఒక అరుపు వినిపించిందట. ఐసు ఫ్యాక్టరీ మనిషి, కొర్లయ్య. అలిసిపోవడం బాగా వచ్చన్నాయన. నర్సు పరిగెత్తింది, మంచం మోశారు, మందు వేశారు. పొద్దు వాలకముందే పోయాడు. పావుగంట ముందు తెలిసి ఉంటే అక్కడే నిలబెట్టేదాన్నని నర్సు ఏడ్చిందట.

మర్నాడు క్రీడాకారుల భోజనశాలలో రత్నం నా ఎదురుగా కూర్చుంది. పళ్ళెంలో అన్నం కెలుకుతోంది, తినడం లేదు.

"పిన్నీ, ముప్పై కాడ సీసా ఇచ్చినప్పుడు నువ్వు నా మొకం సూడనేదు" అంది.

నేను నీళ్ళ గ్లాసు దాని వైపు జరిపాను.

"అప్పటికే తెలుసా నీకు?"

"తెలుసు."

చెంచా కింద పెట్టింది. "నాను రెండో దాన్ని దాటీసేదాన్ని" అని, అలా అన్నందుకు తనకే రోత పుట్టినట్టు తల విదిలించి, "ఆల్ల ఇంటికి నువ్వే ఎల్లాల. నువ్వే సెప్పాల. నాను సెప్పను" అని లేచిపోయింది.

లంకలో మాకు మేళతాళాలతో స్వాగతం. మనిషి కోసం పతకం వదిలేసిన దేశమని ప్రపంచమంతా రాసిందట. రత్నం మెడలో దండలు, నా మెడలో దండలు. నేను చూసీ చూడగానే పరిగెత్తి చెప్పానని అందరి నమ్మకం. ఐసు ఫ్యాక్టరీ వీధికి నా పేరు పెడదామని పంచాయతీలో ఒకాయన అన్నాడు కూడా. దండ తీసి మాస్టారి చేతిలో పెట్టి, అటునుంచి అటే కొర్లయ్య ఇంటికి నడిచాను.

ఆయన భార్య సన్యాసమ్మ వసారాలో పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. "కూకోండమ్మా. పతకం మానుకుని మా ఆయన కోసం కబురెట్టినారు. మీ రునం..."

"ఆ మాట అనకండి" అన్నాను. నిలబడే చెప్పాను. ముప్పైలో చూశాను, ముప్పై అయిదులో చెప్పాను, మధ్యలో పదిహేడు నిమిషాలు కుర్చీలో కూర్చున్నాను అని. మా అప్ప కాదని తెలిసి ఊరుకున్నాను అని.

ఆమె కోప్పడలేదు. నేల చూస్తూ గొణిగింది. "నానూ పక్కనే కూకున్నానమ్మా. నాకూ పట్టీ ఉన్నాది. సీమ కుట్టినట్టయితే ఇదిలించీసినాను. అది ఆయన నొప్పేనట గదా. నా సేత్తోనే ఇదిలించీసినాను. ఇక మిమ్మల్నేటనను? అందరివీ తప్పులే, తలా కాస్త."

అక్కడ నా గొంతు లేచింది. చావింట్లో అలా అరవకూడదని తెలుసు.

"కాదు! మీకు తెలీదు. ఊళ్ళో ఎవరికీ తెలీదు. తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. తెలిసి కూర్చున్నాను సన్యాసమ్మగారూ. ఇందులో మీరు ఒక్క ముక్క కూడా తీసుకోవద్దు, తీసుకోనివ్వను."

ఆమె తల ఎత్తి నా మొహంలోకి చూసింది. పీట మీంచి లేచి నా దగ్గరగా వచ్చింది. నలభై ఏళ్ళు చేపలు కోసిన చెయ్యి, సాచి చెంప మీద కొట్టింది. కళ్ళు బైర్లు కమ్మి గుంజ పట్టుకున్నాను. రెండోసారి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అక్కడే నేల మీద కూలబడి, ఆయన పోయిన రోజు నుంచి ఏడవనిదంతా ఏడ్చింది. వీధిలో వాళ్ళు ఆ ఏడుపు విని బయటికి వచ్చారు.

నేను కదల్లేదు. చెంప మండుతోంది, చెవిలో హోరు. ఆ నొప్పి మొత్తం నాకు తెలిసింది.